కారిడార్ సీలింగ్‌లో డక్టు, పైపు, ట్రే ఒకదాన్నొకటి గుద్దుకోకుండా బిమ్ మోడల్‌లో ప్లాన్ చేయడం ఎలా?

"రెవిట్‌లో డక్టు గీయడం వచ్చు, పైపు గీయడం వచ్చు. ప్రాజెక్టు చేతిలో పెడితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు." ఈ మాట నాకు నెలకు నాలుగైదు సార్లైనా వినబడుతుంది. రెవిట్ అంటే బిల్డింగును కంప్యూటర్‌లో 3డీ మోడల్‌గా (బిమ్ మోడల్) గీసే సాఫ్ట్‌వేర్. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి వచ్చినవాళ్లు అడుగుతారు. పదేళ్లు సైట్లో పనిచేసి ఆఫీసు పనికి మారాలనుకునేవాళ్లు అడుగుతారు. దుబాయ్‌లో ఆటోక్యాడ్ మీద షాప్ డ్రాయింగులు తీస్తున్న మనవాళ్లు ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను.

ఉదాహరణకు ఒక ఆసుపత్రి కారిడార్ తీసుకుందాం. ఆసుపత్రే ఎందుకంటే అక్కడ సీలింగ్ పైన లేని వస్తువంటూ ఉండదు. ఏసీ డక్టు, చిల్డ్ వాటర్ పైపులు, స్ప్రింక్లర్ లైను, కేబుల్ ట్రే, ఆక్సిజన్ రాగి పైపు, పై అంతస్తు బాత్రూముల డ్రైనేజీ, అన్నీ 2.4 మీటర్ల వెడల్పులోంచే పోవాలి. ఇక్కడ కుదిర్చినవాడికి ఆఫీసు బిల్డింగు, హోటలు పెద్ద లెక్క కాదు.

సొంత ఇల్లు కట్టుకుంటూ ఇది చదివేవాళ్లకు ఒక మాట. జీ ప్లస్ వన్ ఇంటికి ఇంత హంగామా అక్కర్లేదు. బాత్రూమ్ సంకెన్ స్లాబ్ (పైపుల కోసం కిందికి దించిన స్లాబ్) లోతు, షాఫ్ట్ (పైపులు నిలువుగా దిగే సందు) ఎక్కడ, ఏసీ డ్రెయిన్ పైపు ఎటు పోతుంది, ఈ మూడూ ఒక ఏ3 కాగితం మీద సెక్షన్ గీసుకుని మేస్త్రికీ ప్లంబర్‌కీ ఒకేసారి చూపిస్తే చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఆర్కిటెక్ట్ మోడల్, స్ట్రక్చర్ మోడల్. రెండూ ఏ తేదీవో, ఏ రివిజనో రాసిపెట్టుకోండి.
- సీలింగ్ ప్లాన్ (లైట్లు, గ్రిల్స్ ఉన్నది). దీన్ని అడగడం చాలామంది మర్చిపోతారు.
- డిజైన్ ఇంజినీర్లు ఇచ్చిన డక్టు, పైపు సైజులు, ఇన్సులేషన్ మందం.
- రెవిట్. అందరి దగ్గరా ఒకే సంవత్సరం వెర్షన్ ఉండాలి. పాత వెర్షన్ ఫైలు కొత్తదాంట్లో అప్‌గ్రేడ్ అయి తెరుచుకుంటుంది. కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు, వెనక్కి తెచ్చే దారి కూడా లేదు.
- క్లాష్ (ఒక వస్తువు ఇంకోదాన్ని గుద్దుకోవడం) చూడటానికి నావిస్‌వర్క్స్ మేనేజ్ అనే సాఫ్ట్‌వేర్. సిమ్యులేట్ అనే వెర్షన్‌లో క్లాష్ డిటెక్టివ్ ఉండదు, కొనేముందు చూసుకోండి. సైట్ వాళ్లు మోడల్ చూడటానికి నావిస్‌వర్క్స్ ఫ్రీడమ్ ఉచితంగానే దొరుకుతుంది.
- కాగితం, పెన్సిలు, క్యాలిక్యులేటర్. మూడో స్టెప్ మొత్తం వీటితోనే.

లైసెన్సు కొనే స్తోమత లేదా? విద్యార్థులకు ఆటోడెస్క్ ఏడాది లైసెన్సు ఉచితంగా ఇస్తుంది, అర్హత ఉన్నంతకాలం రెన్యూ చేసుకోవచ్చు. అది నేర్చుకోవడానికే, జీతం పనికి వాడకండి. పూర్తిగా ఉచితం కావాలంటే బ్లెండర్‌లో బోన్సాయ్ అనే యాడాన్ ఉంది, ఐఎఫ్‌సీ ఫైళ్ల (వేర్వేరు బిమ్ సాఫ్ట్‌వేర్లు చదవగల ఫైళ్ల) మీద పనిచేస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

1. ఫైళ్లు లింక్ చేయండి, కదలకుండా పిన్ చేయండి

మెకానికల్ లేదా సిస్టమ్స్ టెంప్లేట్‌తో కొత్త ఫైలు తెరవండి. ఆర్కిటెక్ట్ ఫైలునూ స్ట్రక్చర్ ఫైలునూ లింక్ చేయండి. పొజిషన్ అడిగినప్పుడు ఆరిజిన్ టు ఆరిజిన్ ఇవ్వండి. ప్రాజెక్టులో షేర్డ్ కోఆర్డినేట్స్ ముందే ఒప్పుకుని ఉంటే అది ఇవ్వండి. "సెంటర్ టు సెంటర్" వద్దు. ఈరోజు సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది, రేపు ఆర్కిటెక్ట్ ఒక పోర్టికో కలిపి పంపితే ఏది ఎక్కడుందో నమ్మలేని స్థితి వస్తుంది.

లింకులు రాగానే గ్రిడ్ ఏ-1 దగ్గరికి జూమ్ చేసి, రెండు ఫైళ్ల గ్రిడ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయా చూడండి. పడితే పిన్ చేయండి. పడకపోతే మీరు చేత్తో జరపకండి. ఆ రెండు టీముల్లో ఎవరి తప్పో తేల్చమని అడగండి. మీరు జరిపితే తప్పు మీ నెత్తిన పడుతుంది.

తర్వాత కాపీ/మానిటర్‌తో (లింకు నుంచి కాపీ చేసి, అసలుది మారితే చెప్పే టూల్) లెవెల్స్, గ్రిడ్స్ తెచ్చుకోండి. ఇక్కడే ఈ వ్యాసంలోకెల్లా ఖరీదైన తప్పు దాక్కుని ఉంది. ఆర్కిటెక్ట్ లెవెల్ అంటే సాధారణంగా టైల్ పైన. స్ట్రక్చర్ లెవెల్ అంటే స్లాబ్ పైన. మధ్యలో 50 నుంచి 100 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. రెండూ "లెవెల్ 2" అనే పేరుతోనే వస్తాయి! లెవెల్స్ ఒకరి ఫైలు నుంచే తీసుకోండి. ఏది తీసుకున్నారో మొదటి షీట్ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రి పనిలో మా మోడల్‌లో క్లాషులు సున్నా. సైట్లో డక్టు వేలాడదీశాక ఫాల్స్ సీలింగ్ వాళ్లు వచ్చి ఫ్రేము కట్టబోతే 75 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. మేం స్లాబ్ నుంచి కొలిచాం, వాళ్లు టైల్ నుంచి కొలిచారు. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. సుమారు 40 మీటర్ల డక్టు దించి మళ్లీ ఎక్కించారు.

ఇంకో చిన్న విషయం: లింక్ టైప్ ప్రాపర్టీస్‌లో రూమ్ బౌండింగ్ టిక్ పెట్టండి. పెట్టకపోతే మీరు వేసే స్పేసులు (ఏసీ లెక్కల కోసం గుర్తించే గదులు) ఆర్కిటెక్ట్ గోడల్ని గుర్తించవు.

2. వర్క్‌సెట్లు, సిస్టమ్ పేర్లు

డక్టు, పైపు, ఎలక్ట్రికల్, ఫైర్, లింకులు, ఒక్కోదానికి ఒక్కో వర్క్‌సెట్ (మోడల్‌లో విడిగా ఆన్, ఆఫ్ చేయగల భాగం) చాలు. సప్లై ఎయిర్, రిటర్న్, చిల్డ్ వాటర్ సప్లై, డ్రైనేజీ, అన్నిటికీ సిస్టమ్ టైపులు ముందే చేసి రంగులు ఇవ్వండి. ఇక్కడ ఎక్కువ రోజులు గడపకండి. అరపూట పని.

సెంట్రల్ ఫైలును (టీమంతా పంచుకునే అసలు ఫైలు) డబుల్ క్లిక్ చేసి నేరుగా తెరిచి పనిచేయకండి. లోకల్ కాపీ చేసుకోండి.

3. మోడల్ మూసేసి, కాగితం మీద సెక్షన్ గీయండి

చాలామంది ఈ స్టెప్ దాటేసి నేరుగా డక్టు గీయడం మొదలుపెడతారు. నెల తర్వాత మూడు వేల క్లాషులతో కూర్చుంటారు. కారిడార్లో అన్నిటికంటే ఇరుకైన చోటు ఏదో చూసుకుని, అక్కడ అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీయండి. లెక్క ఇలా నడుస్తుంది.

స్లాబ్ నుంచి పై స్లాబ్‌కు 4200 మిల్లీమీటర్లు. బీమ్ లోతు స్లాబ్‌తో కలిపి 650. అంటే బీమ్ అడుగు 3550 దగ్గర ఉంది. ఫాల్స్ సీలింగ్ టైల్ నుంచి 2700. ఫ్లోరింగ్ మందం 75 కలిపితే స్లాబ్ నుంచి 2775. సీలింగ్ ఫ్రేము, లోపలికి దిగే లైట్ల కోసం ఇంకో 125. అంటే 2900 నుంచి 3550 దాకా, మొత్తం 650 మిల్లీమీటర్లు. మన ఆస్తి అంతే.

ఇప్పుడు ఖర్చు రాద్దాం. డక్టు 900 × 350. చుట్టూ 25 ఇన్సులేషన్ వేస్తే ఎత్తు 400 అవుతుంది. కింద పట్టే సపోర్ట్ చానెల్, నట్లకు 50. మొత్తం 450.

పై అంతస్తు బాత్రూముల నుంచి వచ్చే 110 పైపు కారిడార్ దాటి అవతలి షాఫ్ట్‌కు పోవాలి. దాటే చోటికి వచ్చేసరికి అది 12 మీటర్లు నడిచి ఉంటుంది. 1:100 వాలు అంటే మీటరుకు 10 మిల్లీమీటర్లు, 12 మీటర్లకు 120. క్లాంపు కోసం బీమ్ కింద 25 వదిలితే 25 + 110 + 120, మొత్తం 255.

450కి 255 కలిపితే 705. ఉన్నది 650. పట్టదు.

ఈ సంగతి పెన్సిలుతో పావుగంటలో తెలిసింది. మోడల్‌లో అయితే పదిహేను రోజులయ్యాక తెలిసేది. ఇప్పుడు దారులు వెతకాలి.

మొదటి దారి, డక్టును పలుచన చేయడం. 900 × 350 బదులు 1050 × 300. వైశాల్యం అంతే, కాబట్టి గాలి వేగం మారదు, రాపిడి మాత్రం కొంచెం పెరుగుతుంది. అందుకే ఏసీ డిజైనర్ ఒప్పుకోకుండా మార్చకండి. ఎత్తు ఖర్చు 400కి దిగింది. 400 + 255 = 655. ఇంకా 5 మిల్లీమీటర్లు ఎక్కువే.

రెండో దారి, ఇంకో షాఫ్ట్ అడగడం. డ్రైనేజీ 12 మీటర్ల బదులు 6 మీటర్లే నడిస్తే వాలుకు 60 చాలు. డ్రైనేజీ ఖర్చు 195 అయింది. పాత డక్టుతో కలిపితే 645. కాగితం మీద 5 మిగిలింది. సైట్లో 5 మిల్లీమీటర్లు మిగలడమంటే ఏమీ మిగలనట్టే. షట్టరింగ్ కాస్త కుంగినా బీమ్ అడుగు అంతకంటే కిందికి వస్తుంది.

రెండూ కలిపితే 400 + 195 = 595. 55 చేతిలో ఉంది. ఇది నమ్మదగ్గ లెక్క. 25 కంటే తక్కువ మిగిలే ఏ సెక్షన్‌నూ నేను ఒప్పుకోను.

డక్టును ఇంకా పలుచన చేస్తే పోలా అని అడగొచ్చు. 1050 × 300 నిష్పత్తి మూడున్నర. నాలుగు దాటితే రేకు ఖర్చూ చప్పుడూ పెరుగుతాయి. పైగా ఎన్ఎఫ్‌పీఏ 13 (స్ప్రింక్లర్లకు అమెరికా ప్రమాణం) ప్రకారం 1.2 మీటర్లు దాటిన అడ్డు ఉంటే దాని కింద కూడా స్ప్రింక్లర్ పెట్టాలి. ఇన్సులేషన్‌తో మన డక్టు 1100. అక్కడ ఆగడమే మంచిది.

వెడల్పు కూడా ఇలాగే రాయండి. డక్టు 1100. చిల్డ్ వాటర్ పైపులు రెండు: 80 ఎన్‌బీ (పైపును పిలిచే సైజు) పైపు బయటి వ్యాసం 88.9, రెండు వైపులా 50 ఇన్సులేషన్ వేస్తే ఒక్కోటి 190, రెండూ కలిసి 380. ట్రే 300. గోడల దగ్గర, మధ్యలో వంద వంద చొప్పున ఐదు ఖాళీలు 500. మొత్తం 2280. కారిడార్ 2400. ఇరుకే, కానీ పడుతుంది. స్ప్రింక్లర్ మెయిన్‌నూ ఆక్సిజన్ లైన్‌నూ చిల్డ్ వాటర్ పైపుల పైన మిగిలిన ఎత్తులోకి పంపండి.

ఆ కాగితాన్ని శుభ్రంగా గీసి ఆర్కిటెక్ట్, స్ట్రక్చర్, మూడు ఎంఈపీ (ఏసీ, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) టీములతో సంతకం పెట్టించుకోండి. ఇలాంటి సెక్షన్లు అంతస్తుకు నాలుగైదు ఉంటే చాలు.

4. ఎవరు పక్కకు తప్పుకోవాలో ముందే రాసుకోండి

వాలు మీద ఆధారపడే పైపుదే మొదటి హక్కు. నీళ్లకు మీ మీటింగ్ మినిట్స్ తెలియవు. ఆ తర్వాత పెద్ద డక్టు, తర్వాత చిల్డ్ వాటర్, స్ప్రింక్లర్ మెయిన్, కేబుల్ ట్రే, చివరికి చిన్న పైపులు, కాండ్యూట్లు. ఏసీ యూనిట్ల కండెన్సేట్ డ్రెయిన్ సైజు చిన్నదే అయినా అదీ వాలు పైపే, దాన్ని మొదటి వరుసలోనే కూర్చోబెట్టండి.

నీళ్ల పైపు కింద ట్రే నడిపించకండి. దాటక తప్పని చోట ట్రే మీద పైపు జాయింట్ రాకుండా చూడండి. ఎలక్ట్రికల్ రూములోకి, ప్యానెల్ మీదికి నీళ్ల పైపు అసలు రానివ్వకండి. స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటర్ ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని మోడల్‌లో ఒక పారదర్శకమైన పెట్టెలా గీసి ఉంచండి, తర్వాత క్లాష్ టెస్టులో అదే కాపలా కాస్తుంది. వాల్వులు, డ్యాంపర్లు తెరిచే చోట్లకూ ఇలాగే పెట్టెలు పెట్టొచ్చు.

5. ఇప్పుడు మోడల్ చేయండి: వాలు పైపుతో మొదలుపెట్టి

మెకానికల్ సెట్టింగ్స్‌లో రెండు మార్పులు చేయండి. స్లోప్స్‌లో 1 శాతం కలపండి. యాంగిల్స్‌లో స్పెసిఫిక్ యాంగిల్స్ ఎంచుకుని డ్రైనేజీకి బజారులో దొరికే కోణాలే ఉంచండి. లేకపోతే రెవిట్ సంతోషంగా 37 డిగ్రీల ఎల్బో తయారుచేసి పెడుతుంది. అది ఏ దుకాణంలోనూ దొరకదు.

వాలు పైపులో తరచూ జరిగే తప్పు: గీసేటప్పుడు స్లోప్ సరిగ్గానే ఇస్తారు, తర్వాత ఒక చివర పట్టుకుని లాగుతారు, వాలు చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. అందుకే ప్రతి వాలు పైపుకూ రెండు చివరలా ఇన్వర్ట్ లెవెల్ (పైపు లోపలి అడుగు ఎత్తు) ట్యాగులు పెట్టి, తేడాను మీరే క్యాలిక్యులేటర్‌తో చూడండి. 6 మీటర్లకు 60 వచ్చిందా లేదా? రాకపోతే మొదట స్లోప్ కాలమ్‌తో ఒక షెడ్యూల్ తీయండి, వాలు తప్పినవన్నీ వరుసగా కనబడతాయి.

డక్టుకు ఎత్తు ఇచ్చేటప్పుడు మధ్య ఎత్తు ఇస్తున్నారా, అడుగు ఎత్తు ఇస్తున్నారా గమనించండి. సైట్లో ఫోర్‌మన్ డక్టు అడుగునే కొలుస్తాడు. అడుగును సమంగా ఉంచి మోడల్ చేస్తే సపోర్టులు ఒకే ఎత్తులో వస్తాయి. ఇన్సులేషన్ బయట నుంచా, రేకు నుంచా అన్నది కూడా డ్రాయింగులో రాయాలి. 25 మిల్లీమీటర్ల గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఇన్సులేషన్ "చివర్లో పెడదాం" అనుకోకండి. మొదటి రోజే పెట్టండి. 89 పైపు 190 ఎలా అవుతుందో పైన చూశాం కదా.

"గీశాను, కనబడట్లేదు" అన్నది కొత్తవాళ్ల రోజువారీ టెన్షన్. మూడు చోట్ల చూడండి: వ్యూ రేంజ్, వ్యూ డిసిప్లిన్, వర్క్‌సెట్ ఆఫ్ అయిందా. నూటికి తొంభై సార్లు వీటిలోనే ఉంటుంది. కనబడలేదు కదా అని మళ్లీ గీశారంటే ఒకదాని మీద ఒకటి రెండు డక్టులు పడుకుని ఉంటాయి, బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో రేకు రెట్టింపు అవుతుంది.

ముందు మెయిన్ లైన్లు పూర్తిచేసి, స్టెప్ 6, 7 ఒకసారి నడిపి, ఆ తర్వాతే గదుల్లోకి వెళ్లే చిన్న కొమ్మలు గీయండి. అన్నీ గీసి ఒకేసారి చూద్దామనుకుంటే ఒక మెయిన్ జరిపినప్పుడల్లా నలభై కొమ్మలు విరుగుతాయి.

6. స్లీవులు: కాంక్రీటు పడేలోపే

మోడల్ వల్ల చేతికొచ్చే మొదటి నిజమైన లాభం ఇదే. బీమ్, స్లాబ్, షియర్ వాల్ దాటే ప్రతి చోటా స్లీవ్ (పైపు కోసం కాంక్రీటులో ముందే వదిలే రంధ్రం) గుర్తించి, గ్రిడ్ నుంచి దూరంతో, ఎత్తుతో డ్రాయింగు తీసి స్ట్రక్చర్ ఇంజినీరుకు పంపండి. సైజు అంటే పైపు, దాని ఇన్సులేషన్, చుట్టూ 25 నుంచి 50 ఖాళీ.

బీమ్‌లో రంధ్రం సాధారణంగా లోతులో మధ్య మూడో వంతులో అడుగుతాం. అది అడిగే పద్ధతి మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది స్ట్రక్చర్ ఇంజినీరు రాతపూర్వకంగా చెప్పాలి, ఫోన్లో "ఓకే బ్రదర్" సరిపోదు.

హెచ్చరిక: పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్ ఉన్న బిల్డింగుల్లో తర్వాత కోర్ కటింగ్ (మిషన్‌తో రంధ్రం కొట్టడం) చేద్దాంలే అనే మాటే వద్దు. లోపలి స్టీల్ తీగలు విపరీతమైన లాగుడు మీద ఉంటాయి. ఒకటి తెగితే స్లాబ్ బలం పోవడమే కాదు, మిషన్ పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. హైదరాబాద్ ఐటీ బిల్డింగుల్లో ఇలాంటి స్లాబులు మామూలే, కాబట్టి మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

7. క్లాష్ టెస్ట్

ప్రతి ఫైలునూ ఎన్‌డబ్ల్యూసీగా (నావిస్‌వర్క్స్ చదివే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో కోఆర్డినేట్స్ అనే చోట షేర్డ్, ప్రాజెక్ట్ ఇంటర్నల్ అని రెండు ఉంటాయి. అందరూ ఒకటే వాడాలి, లేకపోతే డక్టులు ఒక చోట, బిల్డింగు ఇంకో చోట కనబడతాయి. ఎక్స్‌పోర్ట్ కోసమే ఒక 3డీ వ్యూ చేసి వ్యూ టెంప్లేట్‌తో తాళం వేయండి. ఎవరో ఒకరు అందులో ట్రేలు హైడ్ చేసి వదిలేస్తే, ఆ వారం ట్రేలకు క్లాషులే రావు. అంతా బాగుందనుకుంటారు.

టెస్టులు ఈ వరుసలో పెట్టండి:

- డ్రైనేజీకి స్ట్రక్చర్‌తో
- డక్టుకు స్ట్రక్చర్‌తో
- డ్రైనేజీకి డక్టుతో
- డక్టుకు మిగతా పైపులతో
- ట్రేకు అన్నిటితో
- అన్నిటికీ సీలింగ్‌తో, ఖాళీ పెట్టెలతో

అన్నిటికీ అన్నిటితో ఒకే టెస్ట్ పెట్టకండి. ఇన్సులేషన్ తన సొంత డక్టును గుద్దుకున్నట్టు కూడా చూపించి వేల సంఖ్యలో జాబితా ఇస్తుంది, దాన్ని ఎవరూ చదవరు.

టాలరెన్స్ (ఎంత మేర గుద్దుకుంటే క్లాషుగా లెక్కించాలో చెప్పే అంకె) దగ్గర జాగ్రత్త. డిస్‌ప్లే యూనిట్లు మీటర్లలో ఉండగా 25 అని కొడితే అది 25 మీటర్లు. హార్డ్ క్లాష్‌కు (నిజంగా ఒకదాంట్లోకి ఒకటి దూరడం) అలా ఇస్తే ఫలితం సున్నా! ఒక కుర్రాడు సంతోషంగా "సార్, క్లాషులన్నీ పోయాయి" అని చూపించాడు. ముందు యూనిట్లు మిల్లీమీటర్లకు మార్చి, హార్డ్‌కు 10, క్లియరెన్స్‌కు (మధ్యలో ఖాళీ చాలకపోవడం) 25 నుంచి మొదలుపెట్టండి.

నావిస్‌వర్క్స్ లేకపోతే రెవిట్‌లోనే ఇంటర్ఫియరెన్స్ చెక్ ఉంది. మీ ఫైలును ఒక లింకుతో పోల్చగలదు. రెండు లింకులను ఒకదానితో ఒకటి పోల్చలేదు, ఖాళీ దూరాలు చూడలేదు. చిన్న పనికి సరిపోతుంది.

8. క్లాషులు తీర్చడం

వారానికి ఒక మీటింగ్, గంట మించకుండా. జాబితా మొదటి నుంచి చదవకండి. ఒకే డక్టు పద్నాలుగు స్ప్రింక్లర్ పైపులను కొడితే అవి పద్నాలుగు సమస్యలు కావు, ఒక్కటే. దాన్ని గుంపు చేసి ఒక పేరు పెట్టండి: "గ్రిడ్ సి-4, డక్టు 50 కిందికి". ఎవరు చేయాలి, ఏ తేదీకి, రెండూ అప్పుడే రాయండి.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. రిపోర్టులో సంఖ్య తగ్గాలని పై నుంచి ఒత్తిడి వస్తే, కొందరు తీర్చని క్లాషులను అప్రూవ్డ్‌లోకి తోసేస్తారు. అప్రూవ్డ్ అంటే "ఇది సమస్య కాదు, ఇలాగే ఉండనివ్వండి" అని అర్థం. నిజంగా తీరితే మళ్లీ టెస్ట్ నడిపినప్పుడు అదే రిజాల్వ్డ్ అని మారుతుంది. ఎవరైనా సున్నా రిపోర్టు చూపిస్తే నేను మొదట తెరిచేది అప్రూవ్డ్ జాబితానే.

ఒక క్లాష్ తీర్చాక చుట్టూ రెండు మీటర్లు తిరిగి చూడండి. ఇటు జరిపింది అటు గుచ్చుకుని ఉంటుంది.

9. ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

క్లాష్ సంఖ్య సున్నా అయితే పని అయిపోయిందనుకోకండి. థ్రెడ్ రాడ్లు, హ్యాంగర్లు చాలా మోడల్స్‌లో ఉండవు. స్పానర్ తిప్పే చేయి ఏ మోడల్‌లోనూ ఉండదు. నేను చూసే పద్ధతి ఇది.

స్టెప్ 3లో సంతకాలు పెట్టించిన కాగితం పక్కన పెట్టుకుని, అదే చోట మోడల్‌లో సెక్షన్ కోస్తాను. రెండూ ఒకటేనా? అంకె అంకె పోలుస్తాను. తర్వాత వాలు షెడ్యూల్. తర్వాత ఏ సిస్టమ్‌కూ చెందకుండా అన్‌డిఫైన్డ్‌గా మిగిలిన పైపుల జాబితా. అవి ఎక్కడో కనెక్షన్ తెగిన గుర్తు. చివరగా ప్రతి వాల్వు దగ్గరా ఒక ప్రశ్న: దీన్ని ఎవరు, ఏ నిచ్చెన మీద నిలబడి, ఏ సీలింగ్ తలుపులోంచి తిప్పుతారు? జవాబు రాకపోతే ఆ చోటు మళ్లీ గీయాల్సిందే.

ఆర్కిటెక్ట్ కొత్త ఫైలు పంపిన ప్రతిసారీ రీలోడ్ చేసి కోఆర్డినేషన్ రివ్యూ తెరవండి. కాపీ/మానిటర్ చేసిన లెవెల్ గానీ గ్రిడ్ గానీ కదిలితే అదే చెబుతుంది. గోడలు, సీలింగులు కదిలితే చెప్పదు, మీరు మానిటర్ చేయలేదు కాబట్టి. వాటికి పాత, కొత్త ఫైళ్లు పక్కపక్కన పెట్టి కంటితో చూడటమే.

10. సైట్‌కు ఇవ్వడం

ఫోర్‌మన్‌కు 3డీ బొమ్మ ఇస్తే మెచ్చుకుంటాడు, పని మాత్రం 2డీ డ్రాయింగుతోనే చేస్తాడు. గ్రిడ్ నుంచి దూరం, టైల్ లెవెల్ నుంచి డక్టు అడుగు ఎత్తు, సెక్షన్లు, ఈ మూడూ ఉంటే చాలు. రంగుల ప్రింటు ఇవ్వండి. ఎవరు ముందు వేలాడదీయాలో కూడా అదే షీట్ మీద రాయండి: పైన ఉన్న డ్రైనేజీ ముందు, కింద ఉన్న డక్టు తర్వాత. ఇది రాయకపోతే చేతిలో సరుకున్న కాంట్రాక్టరు ముందు ఎక్కించేస్తాడు.

షట్టరింగ్ తీయగానే లేజర్ లెవెల్‌తో బీమ్ అడుగులు కొలిపించండి. 3550 అని మోడల్ చెప్పిన చోట 3535 వస్తే మన 55లోంచి 15 పోయినట్టు. ఆ అంకెలు తెప్పించుకుని ఇరుకైన సెక్షన్లు మళ్లీ చూడండి. పనంతా మొదలయ్యేముందు ఒకే ఒక 6 మీటర్ల ముక్కను అన్ని ట్రేడులతో పూర్తిగా కట్టించండి, సీలింగ్ ఫ్రేముతో సహా. ఏం తప్పినా అక్కడే తప్పుతుంది, మిగతా అంతస్తు మిగులుతుంది.

సీలింగ్ మూసేలోపు, టేపు కనబడేలా పట్టుకుని ప్రతి గ్రిడ్ దగ్గరా ఫొటో తీయించండి. ఫైలు పేరులో అంతస్తు, గ్రిడ్, తేదీ పెట్టండి. సైట్లో మారినవి ఆ వారమే మోడల్‌లో దిద్దండి. ఆరు నెలల తర్వాత దిద్దుదామనుకుంటే ఆ సైట్ ఇంజినీరు అప్పటికి ఇంకో ఉద్యోగంలో ఉంటాడు, ఫొటోలు అతని పాత ఫోన్లో ఉంటాయి.